రెడ్ కార్డ్ మనిషికా, తప్పుకా? రగ్బీలో వందేళ్ల గొడవ

ఈ ఎపిసోడ్ రగ్బీ గురించి. ఆగండాగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి! రగ్బీ రూల్ ఒక్కటి తెలియకపోయినా ఈ కథ మీకు అర్థమవుతుంది. ఎందుకంటే అసలు ప్రశ్న శిక్ష గురించి. గ్రౌండ్‌లో ఒకడు తప్పు చేశాడు. వాణ్ణి బయటికి పంపితే, తప్పు చేయని మిగతా పద్నాలుగు మందికీ నష్టం. టికెట్ కొనుక్కుని వచ్చిన వేలమందికి ఆట చప్పబడిపోతుందన్న భయం. పంపకపోతే దెబ్బ తిన్నవాడికి అన్యాయం. ఇప్పుడు రెఫరీ ఏం చేయాలి? రగ్బీ వందేళ్లుగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతోంది. ఆ వందేళ్ల కథ చెప్పి, చివర్లో నా ఓటు ఎటో కూడా చెప్తా.

ముందు రెండు నిమిషాల్లో బేసిక్స్. రగ్బీ యూనియన్‌లో ఒక్కో టీమ్‌కి 15 మంది, 80 నిమిషాల ఆట. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, కానీ చేత్తో ముందుకు పాస్ ఇవ్వకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. బంతి ఉన్నవాణ్ణి అవతలివాళ్లు పట్టి పడేయొచ్చు. దాన్నే ట్యాకిల్ అంటారు. మన కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ ఇద్దరూ వంద కేజీల మనుషులు, ఎదురెదురుగా ఫుల్ స్పీడ్‌లో వచ్చి గుద్దుకుంటారు. హెల్మెట్ లేదు. అంటే గుద్దడం ఇక్కడ లీగల్! రెఫరీకి తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. అదే ట్యాకిల్ నడుము దగ్గర తగిలితే స్టేడియం అంతా చప్పట్లు. రెండడుగులు పైకెళ్లి తలకి తగిలితే రెడ్ కార్డ్.

పెద్దమనుషుల ఆట

సరే, 1863కి వెళ్దాం. లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే చోట కొన్ని క్లబ్బుల వాళ్లు కూర్చుని ఫుట్‌బాల్‌కి ఉమ్మడి రూల్స్ రాస్తున్నారు. పెద్ద గొడవ దేని మీదో తెలుసా? హ్యాకింగ్ మీద. మన కంప్యూటర్ హ్యాకింగ్ కాదు బాబూ! అవతలివాడి మోకాలి కింద ఎముక మీద బూటుతో కావాలని తన్నడం. దాన్ని తీసేయాలని కొందరు, తీసేస్తే ఆటలో మగతనం పోతుందని బ్లాక్‌హీత్ క్లబ్ వాళ్లు. చివరికి బ్లాక్‌హీత్ వాళ్లు అలిగి బయటికి వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల ఆట ఇవాళ్టి ఫుట్‌బాల్ అయింది.

ఇందులో కామెడీ ఏంటంటే, 1871 జనవరి 26న రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పుట్టింది. దాన్ని స్థాపించిన క్లబ్బుల్లో బ్లాక్‌హీత్ కూడా ఉంది. ఆ యూనియన్ రాసిన మొదటి రూల్స్‌లోనే హ్యాకింగ్‌ని నిషేధించారు. అంటే ఎనిమిదేళ్లలో కాళ్లు విరిగే సరదా తీరిపోయింది. దేని కోసం అలిగి వెళ్లిపోయారో దాన్నే చేతులారా తీసేశారు.

ఇంకో విషయం గమనించండి. మొదట్లో రగ్బీకి ఇప్పటిలా రెఫరీ లేడు. గొడవొస్తే ఇద్దరు కెప్టెన్లే మాట్లాడుకుని తేల్చుకునేవాళ్లు. ఎందుకంటే ఇది పెద్దమనుషుల ఆట, పెద్దమనిషి కావాలని తప్పు చేయడు అని వాళ్ల నమ్మకం. ఆ తర్వాత అంపైర్లు వచ్చారు, రెఫరీ వచ్చాడు, విజిల్ వచ్చింది. కానీ ఆ నమ్మకం మాత్రం పోలేదు. అందుకే ఒక ఆటగాణ్ణి బయటికి పంపడమంటే 'నువ్వు పెద్దమనిషివి కాదు' అని వేలమంది ముందు చెప్పినట్టు. పెనాల్టీ అయితే ఆటలో భాగం. ఇది మాత్రం పరువుకి సంబంధించిన విషయం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

1925: మొదటివాడు

1925 జనవరి 3. లండన్‌లో ట్వికెన్‌హామ్ స్టేడియం. ఇంగ్లండ్, న్యూజిలాండ్ మ్యాచ్. సుమారు 60 వేల మంది జనం. వాళ్లలో వేల్స్ యువరాజు కూడా ఉన్నాడు, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్‌గా రాజై, ప్రేమ కోసం గద్దె దిగిపోయాడే, ఆయనే. ఆ న్యూజిలాండ్ టీమ్‌ని చరిత్ర 'ఇన్విన్సిబుల్స్' అంటుంది. ఆ టూర్‌లో ఆడిన 32 మ్యాచ్‌లూ గెలిచారు.

ఆట మొదలవగానే రెండు వైపులా పిడిగుద్దులు. వేల్స్‌కి చెందిన రెఫరీ ఆల్బర్ట్ ఫ్రీథీ ఒకటికి రెండుసార్లు వార్నింగ్ ఇచ్చాడు. సుమారు పది నిమిషాలయ్యాక మళ్లీ గొడవ. ఈసారి విజిల్ ఊది, న్యూజిలాండ్ ఫార్వర్డ్ సిరిల్ బ్రౌన్లీని బయటికి పొమ్మన్నాడు. కింద పడి ఉన్న ఇంగ్లండ్ ఆటగాణ్ణి తన్నాడని ఆరోపణ. అంతర్జాతీయ రగ్బీలో అలా బయటికి వెళ్లిన మొదటి మనిషి అతనే. హాఫ్‌టైమ్‌లో అతన్ని మళ్లీ ఆడనివ్వమని యువరాజు అడిగాడని అప్పటి కథనాలు. ఆడనివ్వలేదు.

రీప్లే లేదు, కెమెరా లేదు, ఇయర్‌పీస్‌లో సలహా చెప్పేవాడు లేడు. ఒక్క మనిషి రెండు కళ్లు, అంతే. బ్రౌన్లీకి అన్యాయం జరిగిందని న్యూజిలాండ్ వాళ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాదించారు. అతను మొదలుపెట్టలేదు, అవతలివాళ్లు రెచ్చగొట్టారన్నది వాళ్ల మాట. నిజమేంటో ఇవాళ ఎవరూ తేల్చలేరు. కానీ స్కోర్ మాత్రం పక్కా: 14 మందితో, సుమారు 70 నిమిషాలు ఆడిన న్యూజిలాండ్ 17-11తో గెలిచింది. సిరిల్ సొంత తమ్ముడు మారిస్ బ్రౌన్లీ ఆ మ్యాచ్‌లో ట్రై కొట్టాడు. ట్రై అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి తాకించడం.

సిరిల్ పేరు తలిస్తే జనానికి గుర్తొచ్చేది ఆ ఒక్క నిమిషమే. మొదటి శిక్ష మనిషి మీద ముద్రలా పడిపోయింది.

ఆ తర్వాత 42 ఏళ్లు

రెండోవాడు ఎప్పుడు? పెద్ద జట్ల టెస్టుల్లో రెండోవాడిగా చెప్పేది కాలిన్ మీడ్స్‌ని. తేదీ 1967 డిసెంబర్ 2. మధ్యలో 42 ఏళ్లు! ఈ 42 ఏళ్లూ అందరూ బుద్ధిమంతుల్లా ఆడారా? అస్సలు కాదు. ఆ రోజుల ఆటగాళ్ల ఇంటర్వ్యూలు వింటే తెలుస్తుంది, స్క్రమ్‌లో గుద్దులు, కింద పడ్డవాడి మీద బూట్లు మామూలే. రెఫరీలకి పవర్ ఉంది, వాడే ధైర్యం లేదు. ఎందుకంటే వాడితే ఒక మనిషి పరువు తీసినట్టు. శిక్ష మరీ పెద్దదైతే ఎవరూ వేయరు, వేయని శిక్షకి ఎవరూ భయపడరు. మన కాలేజీల్లో చూడండి. తప్పుకి డైరెక్ట్‌గా డీబార్ అని రాసి ఉంటుంది, అందుకే ఏ లెక్చరరూ కంప్లైంట్ రాయడు.

మీడ్స్ మామూలు ఆటగాడు కాదు. న్యూజిలాండ్‌లో రైతు, నిక్‌నేమ్ 'పైన్‌ట్రీ'. 55 టెస్టులు ఆడాడు. 1999లో అతన్ని న్యూజిలాండ్ శతాబ్దపు ఆటగాడిగా ఎంచుకున్నారు. ఎడిన్‌బరోలోని మరీఫీల్డ్‌లో స్కాట్లండ్‌తో మ్యాచ్. అప్పటికే ఒక వార్నింగ్ ఉంది. స్కాట్లండ్ ఆటగాడు డేవిడ్ చిజమ్ బంతి అందుకోవడానికి వంగాడు, మీడ్స్ కాలు విసిరాడు. బంతిని తన్నబోయానని మీడ్స్ మాట, ప్రమాదకరం అని ఐర్లండ్ రెఫరీ కెవిన్ కెలెహర్ మాట. బయటికి. న్యూజిలాండ్ 14-3తో గెలిచింది, మీడ్స్‌కి రెండు మ్యాచ్‌ల నిషేధం.

ఇక్కడ కొత్త ప్రశ్న పుట్టింది. కావాలని చేశాడా, తొందరలో చేశాడా? రెఫరీ మనసులోకి దూరి చూడగలడా?

1970లు వచ్చేసరికి మెల్లగా భయం పోయింది. 1977లో కార్డిఫ్‌లో రెఫరీ నార్మన్ శాన్సన్ ఒకే మ్యాచ్‌లో వేల్స్ నుంచి జెఫ్ వీల్‌ని, ఐర్లండ్ నుంచి విల్లీ డుగ్గన్‌ని పంపేశాడు. 1980లో ట్వికెన్‌హామ్‌లో వేల్స్ ఆటగాడు పాల్ రింగర్ సుమారు పదిహేను నిమిషాలకే బయటికి వెళ్లాడు. ఆ మ్యాచ్‌లో వేల్స్ రెండు ట్రైలు కొట్టింది, ఇంగ్లండ్ ఒక్కటీ కొట్టలేదు. అయినా మూడు పెనాల్టీలతో ఇంగ్లండ్ 9-8తో గెలిచింది. ఒక్క పాయింట్! ఈ 9-8 స్కోర్ గుర్తుపెట్టుకోండి.

పంపకపోతే ఏమవుతుంది?

ఇప్పటిదాకా పంపిన కథలు చెప్పా. పంపని కథ ఒకటి వినండి. 2005 జూన్ 25, న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్. బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ టీమ్ కెప్టెన్ బ్రయాన్ ఓడ్రిస్కల్. నాలుగేళ్లకోసారి ఒక్కటయ్యే ఈ టీమ్‌కి కెప్టెన్ కావడమంటే ఆటగాడి జీవితంలో పెద్ద గౌరవం. ఆట మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. న్యూజిలాండ్ ఆటగాళ్లు తానా ఉమాగా, కెవెన్ మియలాము ఇద్దరూ అతన్ని చెరో వైపు పైకెత్తి కింద పడేశారు. భుజం కీలు తప్పింది. అతని టూర్ అక్కడితో అయిపోయింది.

రెఫరీ ఎవర్నీ పంపలేదు. తర్వాత కూడా ఎవరికీ నిషేధం పడలేదు. న్యూజిలాండ్ 21-3తో గెలిచింది.

"రెడ్ కార్డ్ ఆటని పాడు చేస్తుంది" అనే వాళ్లందరికీ నా ప్రశ్న ఇదే. కెప్టెన్ రెండో నిమిషంలో స్ట్రెచర్ మీద వెళ్లిపోతే ఆట పాడవలేదా? కార్డు ఇస్తే కనిపించే నష్టం మనకి కనిపిస్తుంది, ఇవ్వకపోతే జరిగే నష్టం దెబ్బ తిన్నవాడి ఖాతాలోకి వెళ్లిపోతుంది. మనం దాన్ని 'బ్యాడ్ లక్' అనేస్తాం.

2011: మంచోడికి రెడ్ కార్డ్

ఇలాంటి ఎత్తి పడేసే ట్యాకిల్స్ మీద 2009లో అంతర్జాతీయ బోర్డు రెఫరీలకి ఒక ఆదేశం ఇచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే, రెడ్ కార్డ్ దగ్గర మొదలుపెట్టండి, తగ్గించడానికి కారణం ఉంటే అప్పుడు తగ్గించండి అని. మనసులోకి చూడొద్దు, ఒళ్లు ఎలా పడిందో చూడండి.

దాని మొదటి పెద్ద పరీక్ష 2011 అక్టోబర్ 15, ఆక్లండ్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్. వేల్స్, ఫ్రాన్స్. వేల్స్ కెప్టెన్ శామ్ వార్‌బర్టన్, వయసు 23. మంచి పేరున్న కుర్రాడు. ఫ్రాన్స్ ఆటగాడు విన్సెంట్ క్లెర్క్‌ని ట్యాకిల్ చేస్తూ పైకెత్తాడు, గాల్లో వదిలేశాడు. రెఫరీ అలాన్ రోలాండ్ రెడ్ కార్డ్ తీశాడు. ఇంకా 20 నిమిషాలు కూడా కాలేదు. వేల్స్ 60 నిమిషాలకి పైగా 14 మందితో ఆడి ఓడింది. స్కోర్? 9-8. అవును, 1980 నాటి అదే స్కోర్!

వేల్స్ అంతా రోలాండ్‌ని తిట్టిపోసింది. కానీ వార్‌బర్టన్ తర్వాత ఆ కార్డు సరైనదే అని ఒప్పుకున్నాడు. ఇంకా ముఖ్యమైనది ఏంటంటే, 2013లోనూ 2017లోనూ లయన్స్ టూర్లకి అతనే కెప్టెన్. అంటే బ్రౌన్లీకి పడిన ముద్ర ఇతనికి పడలేదు. కార్డు తప్పుకి పడింది, మనిషికి కాదు. నా లెక్కలో రగ్బీ నిజంగా ఎదిగింది ఇక్కడే.

తల విషయం

ఆ తర్వాత ఆట మొత్తాన్నీ కుదిపేసిన వార్త 2020 డిసెంబర్‌లో వచ్చింది. స్టీవ్ థాంప్సన్, 2003లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ టీమ్ సభ్యుడు. 42 ఏళ్ల వయసులో చిన్న వయసు డిమెన్షియా అని బయటపెట్టాడు. ఆ ప్రపంచ కప్ గెలిచిన సంగతే తనకి గుర్తులేదని చెప్పాడు. ఒక్కసారి ఆలోచించండి. జీవితంలో అతి పెద్ద రోజు, మీరు యూట్యూబ్‌లో చూడగలరు, ఆడినవాడికి మాత్రం గుర్తులేదు. అతనితో పాటు చాలామంది మాజీ ఆటగాళ్లు, మా తలలకి రక్షణ ఇవ్వలేదంటూ ఆట పెద్దల మీద కోర్టుకెళ్లారు.

తల దెబ్బల భయం అంతకు ముందే మొదలైంది. 2019లో వరల్డ్ రగ్బీ ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది. తలకి తగిలిందా? ఎంత ప్రమాదకరంగా? తగ్గించే కారణాలున్నాయా? దాదాపు ఇఫ్-ఎల్స్ కోడ్ లాంటిది. ఆ ఏడాది జపాన్ ప్రపంచ కప్‌లో 8 రెడ్ కార్డులు పడ్డాయి. అంతకు ముందు 2015లో పడింది ఒక్కటే. 2019 క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ 19-10 ఆధిక్యంలో ఉండగా సెబాస్టియన్ వాహామహీనా మోచేత్తో కొట్టి బయటికెళ్లాడు. వేల్స్ 20-19తో గెలిచింది.

2022 నవంబర్ 12, మహిళల ప్రపంచ కప్ ఫైనల్, ఆక్లండ్. వరసగా 30 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఇంగ్లండ్ 14-0తో ముందుంది. 18వ నిమిషంలో లిడియా థాంప్సన్ తల అవతలి అమ్మాయి తలకి తగిలింది. ఆమె కావాలని చేయలేదని చూసిన ప్రతివాడికీ తెలుసు. అయినా రెడ్. న్యూజిలాండ్ 34-31తో గెలిచింది. మరుసటి ఏడాది పురుషుల ఫైనల్, 2023 అక్టోబర్ 28, పారిస్ దగ్గర. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కి మొదట ఎల్లో. గ్రౌండ్ బయట వీడియో చూసే అధికారి దాన్ని రెడ్‌గా మార్చాడు. సౌతాఫ్రికా 12-11తో గెలిచింది. పురుషుల ఫైనల్లో రెడ్ కార్డ్ పడటం అదే మొదటిసారి. రెఫరీ వేన్ బార్న్స్ కొన్ని రోజులకే రిటైర్ అయ్యాడు. తనకీ కుటుంబానికీ వచ్చిన బెదిరింపుల గురించి కూడా మాట్లాడాడు.

20 నిమిషాల రాజీ

దీంతో కొత్త ఐడియా వచ్చింది, 20 నిమిషాల రెడ్ కార్డ్. తప్పు చేసినవాడు ఇక తిరిగి రాడు. కానీ 20 నిమిషాల తర్వాత వాడి స్థానంలో ఇంకొకడు రావచ్చు. కావాలని కొడితే మాత్రం పాత పద్ధతే, మ్యాచ్ అయ్యేదాకా 14 మందే. దక్షిణార్ధగోళం టోర్నీల్లో 2020 నుంచి ప్రయోగాలు చేశారు, 2025లో సిక్స్ నేషన్స్‌కీ వచ్చింది. ఫ్రాన్స్ మాత్రం, ఆటగాళ్ల భద్రత తగ్గిపోతుందని గట్టిగా వ్యతిరేకించింది.

20 నిమిషాల వాళ్ల వాదన నాకు అర్థమవుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఒకడి తప్పుకి టీమ్ అంతటినీ ఎందుకు శిక్షించాలి? ఆ ఒక్కడికి తర్వాత నెల రోజులు నిషేధం వేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో రెండు కారణాలు చెప్తా.

ఒకటి, నిషేధం లాభం ఎవరికి? మీ టీమ్ ఆటగాణ్ణి నేను గాయపరిచాను. నాకు మూడు వారాల నిషేధం. ఆ మూడు వారాల్లో నేను లేని టీమ్‌తో ఆడేది ఎవరు? వేరే జట్లు. అంటే దెబ్బ మీకు, బెనిఫిట్ మూడోవాడికి. మీకు మిగిలేది చేతులు కాలాక పట్టుకున్న ఆకులే.

రెండు, ట్యాకిల్ ఎత్తు అనేది శనివారం మ్యాచ్‌లో పుట్టదు. సోమవారం నుంచి ప్రాక్టీస్‌లో కోచ్ నేర్పింది అక్కడ బయటికొస్తుంది. నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా. అక్కడ అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, మంచి టీమ్‌లో 'ఎవడు కావాలని చేశాడు' అని వెతకరు. కస్టమర్‌కి ఎంత నష్టమైంది, మన పద్ధతిలో ఏం మార్చాలి అని చూస్తారు. ఎవర్నీ దోషి అనరు, కానీ ఖర్చు మాత్రం టీమ్ మొత్తం భరిస్తుంది. అందుకే పద్ధతి మారుతుంది. రెడ్ కార్డ్ కూడా అంతే. టీమ్ మునిగిపోతుందన్న భయం ఉంటేనే కోచ్ ఆటగాళ్లని వంగి ట్యాకిల్ చేయమంటాడు. ఆ భయాన్ని పావు వంతు ఆటకి తగ్గిస్తే, వంగడం నేర్పాలన్న తొందర కూడా అంతే తగ్గుతుంది.

ఇక 'రెడ్ కార్డ్ మ్యాచ్‌ని చంపేస్తుంది' అన్న మాట. మనం చెప్పుకున్న స్కోర్లు మళ్లీ చూడండి. 1925లో 14 మందే గెలిచారు. 1967లోనూ గెలిచారు. 1980లో ఒక్క పాయింట్ తేడా. 2011లో ఒక్క పాయింట్. 2019లో ఒక్క పాయింట్. 2022 ఫైనల్లో మూడు. 2023 ఫైనల్లో మళ్లీ ఒక్కటే! ఇది స్టాటిస్టిక్స్ ప్రూఫ్ కాదు, పేరున్న మ్యాచ్‌లే ఏరి చెప్పాను, చప్పగా పోయినవీ బోలెడుంటాయి. కానీ జనం 'ఆట పాడైంది' అని తిట్టిన మ్యాచ్‌లే జనం ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న మ్యాచ్‌లు కూడా. ఓడినవాడి బాధ వేరు, ఆట చచ్చిపోవడం వేరు.

నా ఓటు

కాబట్టి నా ఓటు: రెఫరీ పంపాలి. తలకి ప్రమాదకరంగా తగిలితే, కావాలని చేసినా చేయకపోయినా పంపాలి, మ్యాచ్ అయ్యేదాకా పంపాలి. దాంతో పాటు ఇంకో పని మనం చేయాలి, ప్రేక్షకులం. బయటికి నడిచి వెళ్తున్న ఆ మనిషిని వెధవని చూసినట్టు చూడకూడదు. లిడియా థాంప్సన్ ఏడుస్తూ కూర్చున్నప్పుడు, ఆమె ఒక రూల్‌కి ధర కట్టింది, అంతే. ధర పెద్దదిగా ఉండాలి, అవమానం ఉండకూడదు. 1925లో రెండూ కలిసిపోయాయి. ఈ వందేళ్లలో రగ్బీ కష్టపడి వాటిని విడదీసింది. ఇప్పుడు అవమానంతో పాటు ధరనీ తగ్గించేస్తే ఎలా?

ఇది మనకి సంబంధం లేని గొడవ అనుకోకండి. 2025 జూన్‌లో ముంబైలో మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. ఆరు టీముల్లో మన హైదరాబాద్ హీరోస్ కూడా ఉంది. అది ఏడుగురి ఆట, అందులో ఒకడు పోతే లోటు ఇంకా పెద్దది. ఇవాళ స్కూల్ గ్రౌండ్‌లో బంతి పట్టుకున్న పిల్లాడి తల రేపు ఎలా ఉంటుందన్నది ఇవాళ్టి రెఫరీ ధైర్యం మీద ఉంది.

చివరిగా ఒక చిన్న సంగతి. 1925లో ఫ్రీథీ ఊదిన విజిల్ ఇంకా ఉంది. న్యూజిలాండ్‌లో పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో రగ్బీ మ్యూజియంలో దాచారు. పురుషుల ప్రపంచ కప్ వచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీసి, తొలి మ్యాచ్‌ని దాంతోనే మొదలుపెడతారు. తమ సొంత ఆటగాణ్ణి బయటికి పంపిన విజిల్‌ని న్యూజిలాండ్ వాళ్లే అంత భద్రంగా దాచుకున్నారంటే, వాళ్లకి లోపల ఎక్కడో తెలుసన్నమాట, ఆ విజిల్ లేకపోతే ఆట లేదని.

మీ ఓటు ఎటు, పూర్తి రెడ్డా, 20 నిమిషాలా? కారణంతో సహా చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.